నల్లకళ్ళద్దాల వెనక పద్నాలుగు రోజులు

మా శాన్ రామన్‌లో నవంబరు నెలాఖరు నల్లకళ్ళద్దాలు పెట్టుకునే కాలం కాదు. ఐదు గంటలకే చీకటి పడుతుంది, డయాబ్లో కొండ మీద మబ్బులు దిగుతాయి. అలాంటి రోజుల్లో, పోయిన ఏడాది, ఒక పెద్దమనిషి టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఐరన్ హార్స్ ట్రెయిల్ మీద దొంగలా నడుస్తూ, తెలుగువాళ్ళు ఎదురైతే మొహం పక్కకి తిప్పుకోవడం మీలో ఎవరైనా చూసి ఉంటే, ఆ పెద్దమనిషిని నేనే. పలకరించనందుకు క్షమించండి. ఎందుకు పలకరించలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

నా వయసు నలభై ఆరు. ఇరవై ఏళ్ళ కిందట కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చి, మీలో చాలామందిలాగే ఇక్కడే ఉండిపోయాను. కన్సల్టెంటుని. అంటే పని ఉంటే రాజు, లేకపోతే బంటు. రెండేళ్ళ నుంచీ ఒక మాట నన్ను వెంటాడుతోంది: "యూ లుక్ టైర్డ్." రాత్రి ఎనిమిది గంటలు కమ్మగా నిద్రపోయి, కాఫీ తాగి, హుషారుగా వీడియో కాల్‌లోకి వెళ్ళినా అదే మాట. ఎదురుగా ఉన్న టీములో సగం మందికి నా మాస్టర్స్ డిగ్రీ వయసు కూడా లేదు. పక్క టీముల్లో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. అద్దంలో చూసుకుంటే పై రెప్పలు చూరు దిగినట్టు దిగాయి, కళ్ళ కింద రెండు సంచులు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు "టైర్డ్" అన్నా నా చెయ్యి కళ్ళ కిందికి పోయేది.

చివరికి కనురెప్పల ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దీన్ని బ్లెఫరోప్లాస్టీ అంటారు. పై రెప్పలో వదులైన చర్మం తీసేస్తారు, కింది సంచుల్లో పొంగిన కొవ్వు సరిచేస్తారు. రెప్ప చూపుకి అడ్డం వస్తోందని పరీక్షలో తేలితే కొన్నిసార్లు ఇన్సూరెన్సు వాళ్ళు ఇస్తారు. నా రెప్పలు అంత ఘనకార్యం చెయ్యలేదు కాబట్టి డబ్బులన్నీ మా జేబులోంచే.

మా ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "ఆర్తీ అగర్వాల్ సంగతి మర్చిపోయారా?" అంది. మర్చిపోలేదు. "నువ్వు నాకు నచ్చావ్"లో వెంకటేష్ పక్కన ఆ అమ్మాయిని చూసి 2001లో మా హాస్టలు హాస్టలంతా ఊగిపోయింది. 2015 జూన్ 6న న్యూజెర్సీలో, 31 ఏళ్ళకే కన్నుమూసింది. కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. దేనివల్ల ఏం జరిగిందో తీర్పు చెప్పడం మన పని కాదు. కానీ "అందం కోసం చేసేదే కదా, చిన్నదే కదా" అనుకోకూడదని మాత్రం ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. మన కాలిఫోర్నియాలో అంతకు ముందే అలాంటి కథ ఒకటి జరిగింది. గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి డోండా వెస్ట్, సాహిత్యం బోధించిన ప్రొఫెసర్, 2007 నవంబరులో కాస్మెటిక్ ఆపరేషన్ అయిన మర్నాడే చనిపోయారు. ఆ తర్వాత 2009లో ఆమె పేరుతోనే ఇక్కడ చట్టం తెచ్చారు. ముందు శరీర పరీక్ష చేసి, ఆపరేషన్‌కి తగును అని రాసి ఇవ్వకుండా ఇలాంటివి చేయకూడదు. నాకూ ఆ పరీక్షలన్నీ అయ్యాకే మా ఆవిడ సరేనంది.

ఇక్కడ నేను రెండు తప్పులు చేశాను. మొదటిది, డాక్టరు "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే "ఏమీ లేవు" అన్నాను. నిజానికి రోజూ చేపనూనె మాత్ర, విటమిన్ ఇ మాత్ర, ఎవరో చెప్పారని వెల్లుల్లి మాత్ర, పసుపు మాత్ర మింగుతూనే ఉన్నాను. అవి మందులని నాకు తట్టలేదు. అదృష్టవశాత్తూ నర్సు మళ్ళీ ఫోన్ చేసి ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగింది. ఇవన్నీ రక్తం గడ్డకట్టడాన్ని ఎంతో కొంత తగ్గించవచ్చు, దాంతో చర్మం కింద రక్తం ఎక్కువ చేరి కమిలిపోతుంది, కాబట్టి రెండు వారాల ముందే ఆపెయ్యమంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కూడా వద్దంది. నొప్పికి టైలినాల్ చాలంది. కూరలో వేసే చిటికెడు పసుపుతో గొడవ లేదు, మాత్రల్లో ఉండే మోతాదుతోనే పేచీ.

రెండో తప్పు పెద్దది. మా అమ్మ అక్టోబరులోనే తెనాలి నుంచి వచ్చింది. నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఆవిడకి నిజం చెప్పడానికి మొహం చెల్లక, "చిన్న కంటి ఆపరేషనమ్మా" అని వదిలేశాను. అమ్మ దాన్ని శుక్లాల ఆపరేషన్ అనుకుంది. ఆ రాత్రే ఫోన్లో తెనాలి అంతా తెలిసిపోయింది. మర్నాడు బాబాయి ఫోన్ చేసి "ధైర్యంగా ఉండరా, ఈ రోజుల్లో అదేం పెద్ద విషయం కాదు" అన్నాడు. అమ్మ తిరుపతికి మొక్కుకుంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

థాంక్స్‌గివింగ్ ముందు గురువారం ఆపరేషన్ అయింది. రెండు గంటల పని, సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. అద్దం చూసుకుంటే భయం వేసింది. రెండు కళ్ళూ పండిన వంకాయల్లా ఉన్నాయి. మా అబ్బాయి, ఎనిమిదేళ్ళవాడు, తలుపు దగ్గరే ఆగిపోయి "అమ్మ కొట్టిందా?" అని అడిగాడు. తర్వాత రెండు వారాల్లో ఈ జోకు నేను కనీసం పదిసార్లు విన్నాను, మొదటిది వాడిదే.

అక్కడి నుంచి మా ఇంట్లో రెండు వైద్యాలకి యుద్ధం మొదలైంది. చిన్నప్పుడు నేను ఎక్కడ పడినా, బొప్పి కట్టినా, అమ్మ గుడ్డ మూట పెనం మీద వేడిచేసి కాపడం పెట్టేది. బెణికితే చింతపండు, ఉప్పు కలిపి పట్టు వేసేది. ఇప్పుడూ కొంగు బిగించి కాపడానికి సిద్ధమైంది. డాక్టరు కాగితం మీద మాత్రం మొదటి రెండు రోజులూ చల్లదనమే అని ఉంది. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, లోపల కారే రక్తం, నీరు తగ్గుతాయి. ఆ సమయంలో వేడి పెడితే నాళాలు తెరుచుకుని వాపు పెరుగుతుంది. డాక్టరు చెప్పిన ఆయుధం ఫ్రీజర్లో ఉండే పచ్చి బఠాణీల ప్యాకెట్. పల్చటి గుడ్డ చుట్టి, బరువు పడకుండా, పదిహేను ఇరవై నిమిషాలు ఆనించి, మళ్ళీ కాసేపు విరామం. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. కళ్ళ దగ్గర చర్మానికి స్పర్శ తెలియదు ఆ రోజు, కాలినా తెలియదు. "బఠాణీలు కూరకి గానీ కళ్ళకేమిట్రా?" అని అమ్మ గొణిగింది. ఆ వారం ఇంట్లో బఠాణీ కూర ఎవరూ ముట్టుకోలేదు, ఏ ప్యాకెట్‌దో అని అనుమానం.

పడుకోవడం ఇంకో పరీక్ష. తల గుండె కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే రాత్రంతా నీరు మొహానికి చేరి పొద్దున్నకి కళ్ళు తెరుచుకోవు. రిక్లైనర్లో వెల్లకిలా పడుకుంటే మా నాన్న పడక్కుర్చీ గుర్తొచ్చింది. ఆయన మధ్యాహ్నం పేపరు మొహం మీద కప్పుకుని అచ్చం ఇలాగే పడుకునేవారు.

అమ్మకీ డాక్టరుకీ సంధి కుదిరింది తిండి దగ్గర. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, వాపు పెంచుతుంది, కాబట్టి ఆవకాయ, అప్పడాలు, వడియాలు, డబ్బా సూపులు కొన్నాళ్ళు వద్దన్నారని చెప్పగానే అమ్మ మొహం వెలిగిపోయింది. "అంటే పథ్యం! ఆ ముక్క ముందే చెప్పకూడదూ?" అంది. బీరకాయ, పొట్లకాయ, చప్పటి పప్పు, పల్చటి మజ్జిగ వరసగా దిగాయి. అనాసపండు కూడా. అనాసలో ఉండే బ్రొమెలైన్ అనే పదార్థం వాపు తగ్గిస్తుందని చాలామంది అంటారు, చిన్న చిన్న పరీక్షల్లో కొంత మేలు కనిపించింది కూడా. ఆర్నికా విషయంలో ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. డాక్టరుని అడిగితే "పండు తినండి, తప్పులేదు. కానీ బఠాణీలు, దిండ్లు, విశ్రాంతి మానకండి" అన్నారు.

విశ్రాంతి దగ్గరే నేను దెబ్బతిన్నాను. మూడో రోజు, శనివారం రాత్రి. కాస్త బాగుందనిపించింది. గరాజులో ఇరవై పౌన్ల సోనా మసూరి సంచి కింద ఉంది, అమ్మ దాన్ని లాగబోతోంది. "నువ్వుండమ్మా" అని వంగి, ఒక్క ఊపులో ఎత్తేశాను. వంగకూడదు, బరువులెత్తకూడదు అని కాగితంలో మూడు చోట్ల ఉంది. ఎత్తిన అరగంటకి ఎడమ కన్ను బిగుసుకుంది. గంటకి కుడి కన్ను కన్నా బాగా ఉబ్బింది. మా ఆవిడ మారుమాట లేకుండా డాక్టరు ఆఫీసు రాత్రి నంబరుకి ఫోన్ చేసింది.

అవతల నర్సు గొంతు మారిపోయింది. ఒక్కొక్కటే అడిగింది. నొప్పి భరించలేనంతగా ఉందా? కనుగుడ్డు ముందుకి పొడుచుకొచ్చిందా? రాయిలా గట్టిగా ఉందా? చూపు మసకబారిందా? రెప్ప వెనక రక్తం గూడు కట్టి కంటి నరాన్ని నొక్కితే చూపు కొద్ది గంటల్లోనే శాశ్వతంగా పోవచ్చట. చాలా అరుదు, కానీ వస్తే నిమిషాల మీద లెక్క. వీటిలో ఒక్కదానికి ఔనన్నా వెంటనే 911. "కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో ఏదైనా చిన్న అక్షరాలు చదవండి" అంది. ఎదురుగా గోడ మీద అమ్మ తెనాలి నుంచి తెచ్చిన వెంకట్రామా క్యాలెండర్ ఉంది. తిథి, నక్షత్రం, వర్జ్యం టైముతో సహా గట్టిగా చదివాను. ఇన్నేళ్ళ జీవితంలో వర్జ్యం చదివి అంత సంతోషపడింది లేదు. అరగంటకోసారి అలా చదువుతూ, తల ఎత్తుగా పెట్టుకుని, చల్లగా ఆనిస్తూ రాత్రంతా కూర్చున్నాం. పొద్దున్నే డాక్టరు స్వయంగా చూసి, లోపలేమీ లేదు, పైన చర్మం కిందే కారింది, అదే కరిగిపోతుంది అన్నారు. పోతూ పోతూ "బియ్యం ఎవరైనా ఎత్తుతారు. మీ కన్ను మీకే ఉంది" అన్నారు.

ఆ రాత్రి మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని అంతా చూసింది. దానికి పదమూడేళ్ళు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, మా వాడి చూపు కాపాడమని దండం పెడుతోంది. నాకు ఆగలేదు. తెల్లవారుజామున అమ్మ పక్కన కూర్చుని చెప్పేశాను: "అమ్మా, ఇది శుక్లం కాదు. చూపు బాగానే ఉండేది. మొహం బాగుండాలని చేయించుకున్నాను."

తిడుతుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "కళ్ళ కింద ఆ సంచులు మీ నాన్నవిరా. ఈ పూట నువ్వా కుర్చీలో పడుకుంటే ఆయన పడుకున్నట్టే ఉంది. ఇక్కడికి రావడం నాకు అందుకే ఇష్టం" అంది. తర్వాత లేచి వెళ్ళి, నీళ్ళు కాచింది. "రెండు రోజులయిపోయాయిగా, ఇప్పుడు వేడి పెట్టొచ్చన్నావు?" అని అడిగింది. డాక్టరుని అడిగితే, కొత్తగా కారింది కాబట్టి ఇంకో రెండు రోజులు చల్లదనమే, ఆ తర్వాత గోరువెచ్చటి గుడ్డ పెట్టమన్నారు. రక్తప్రసరణ పెరిగి, గడ్డకట్టిన రక్తాన్ని శరీరం త్వరగా తీసుకుపోతుందట. మంగళవారం నుంచి అమ్మ కాపడం నడిచింది. ఆలస్యమైనా, అమ్మ వైద్యానికీ రోజు వచ్చింది.

మా అమ్మాయి దీన్నంతా సైన్సు ప్రాజెక్టు చేసేసింది. రోజూ పొద్దున ఒకే కిటికీ దగ్గర నన్ను నిలబెట్టి ఫొటో తీసి చార్టు మీద అంటించింది. మొదట ఎరుపు, ఊదా. ఐదారు రోజులకి అంచుల్లో ఆకుపచ్చ. తర్వాత పసుపు. ఆఖరున లేత గోధుమరంగు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని శరీరం విడగొడుతున్నప్పుడు బిలివెర్డిన్ ఆకుపచ్చ రంగు ఇస్తుంది, అది బిలిరుబిన్‌గా మారితే పసుపు. పచ్చకామెర్లలో ఒళ్ళు పచ్చబడేది ఆ బిలిరుబిన్ వల్లే. ఇనుము మిగిలిన చోట గోధుమరంగు. ఎనిమిదో రోజుకి నలుపు కళ్ళ దగ్గర తగ్గి బుగ్గల మీదికి దిగింది. "నాన్నా, నీ బగ్ ఒక మాడ్యూల్ నుంచి ఇంకో మాడ్యూల్‌కి పోయింది" అంది. భూమ్యాకర్షణే తప్ప భయమేమీ లేదు. ఈ మరమ్మతు పని మన దేశానికి కొత్త కాదని కూడా అదే వెతికి చెప్పింది. తెగిన ముక్కుకి చెంప చర్మంతో ముక్కు అమర్చే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది, ఆపరేషన్ తర్వాత దూది కప్పి నువ్వుల నూనె చిలకరించమని కూడా ఉంది. కత్తి పనెంతో, తర్వాతి సంరక్షణా అంతే అని ఆయనకి తెలుసన్నమాట.

ముక్కు మాట ఊరికే రాలేదు. ఆ సాయంత్రం చార్టు అంటిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది: "నాన్నా, నువ్వు కళ్ళు మార్చుకున్నావుగా. మరి నేను ముక్కు మార్చుకోవచ్చా?" స్కూల్లో ఎవరో ఏదో అన్నారట. దాని ముక్కు అమ్మది. కాస్త పొడుగు, మధ్యలో చిన్న ఎత్తు.

ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినప్పుడు కూడా నేనంత తడబడలేదు. "నీకేం తక్కువ, నువ్వు బంగారం" అంటే అది నమ్మదు. నా రెండు కళ్ళూ సాక్ష్యంగా పచ్చగా మెరుస్తున్నాయి. అందుకని నిజమే చెప్పాను. "నేను నా కోసం చేయించుకున్నానని అనుకున్నాను. సగం మాత్రమే నిజం. మిగతా సగం ఎవరో టైర్డ్ అన్నారని. ఆ సగానికి ఇంత ఖరీదు కట్టానని, పోగొట్టుకునేది ఎవరి పోలికో అడగలేదని ఇప్పుడు తెలుస్తోంది. నీ ముక్కు ఇంకా పెరుగుతోంది, నువ్వూ పెరుగుతున్నావు. పద్దెనిమిది దాటాక, ఆ కోరిక పూర్తిగా నీదే అయితే, అప్పుడు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. నేను నవ్వను, తిట్టను." అది ఔననలేదు, కాదనలేదు. "సరే, రేపు డే నైన్" అని చార్టు మడిచింది.

ఇలాంటి పని తలపెట్టినవారికి, దాచకుండా చెప్తున్నాను, నాకు పనికొచ్చినవి ఇవి. మీ డాక్టరు మాటే ఆఖరి మాట.

1. మింగే ప్రతిదీ, మూలికలూ విటమిన్లూ సహా, రాసి డాక్టరుకి ఇవ్వండి. గుండె కోసం రాసిన ఆస్పిరిన్ లాంటివి మాత్రం సొంతంగా మానకండి.
2. మొదటి రెండు రోజులు చల్లదనం, డాక్టరు చెప్పాక వెచ్చదనం. రెండిటికీ గుడ్డ అడ్డం ఉండాలి.
3. తల ఎత్తుగా పడుకోండి. ఉప్పు తగ్గించండి. వంగడం, బరువులు, జిమ్ము డాక్టరు చెప్పేదాకా వద్దు. మెల్లగా నడవడం మంచిది.
4. ఎండ తగిలితే మచ్చ నిలబడిపోవచ్చు. టోపీ, నల్లకళ్ళద్దాలు దాక్కోవడానికే కాదు.
5. ఒకవైపే హఠాత్తుగా వాపు, భరించలేని నొప్పి, చూపు తేడా, జ్వరం, చీము కనిపిస్తే సిగ్గుపడకుండా, పొద్దున్నదాకా ఆగకుండా ఫోన్ చేయండి.
6. ఇంట్లోవాళ్ళకి నిజం చెప్పండి. రాత్రి మేలుకునేది వాళ్ళే.

ఏడో రోజు కుట్లు తీశారు. పద్నాలుగో రోజుకి రంగు దాదాపు పోయింది, పొద్దుటి పూట కాస్త ఉబ్బు ఇంకో నెల ఉంది. డిసెంబరులో మీటింగుకి కెమెరా వేసుకుని కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆఖర్లో ఒకతను "హెయిర్ కట్టా?" అన్నాడు.

ఫిబ్రవరిలో అమ్మ వెళ్ళిపోయే ముందు లివర్‌మోర్ గుడికి వెళ్ళాం. తిరుపతి మొక్కు సంగతి అడిగితే, "మొక్కు మొక్కే. చూపు నిలబడింది కదా, వచ్చే వేసవిలో అందరూ రండి" అంది. ఆవరణలో మా ఆవిడ ఫొటో తీసింది. అందులో నా కళ్ళు నునుపుగా ఉన్నాయి, కొత్తగా, కాస్త పరాయిగా. పక్కన నానమ్మా మనవరాలూ ఒకే వైపు తిరిగి దేనికో నవ్వుతున్నారు. ఒకటే ముక్కు, రెండు వయసులు. మా అమ్మాయి ఆ ఫొటోని చార్టు చివర అంటించింది. కింద ఏ రోజో రాయలేదు.